నట్టల మందు అంటే ఏ మందు?

పుబ్బ కార్తె నాటికి, వానలు బాగా పడి బీళ్లన్నీ పచ్చబడ్డాక, సాయంత్రం మంద దొడ్డికి చేరే వేళ చూస్తే కొన్ని గొర్రెల దవడ కింద మెత్తటి సంచి వేలాడుతుంటుంది. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. తెల్లారి చూస్తే ఆ సంచి సగానికి తగ్గుతుంది, ఒక్కోసారి అసలు కనిపించదు. తగ్గిపోయిందిలే అనుకుని కాపరి మందను మళ్లీ తోలుకుపోతాడు. నిజానికి తగ్గిందేమీ లేదు. నట్టలు నెత్తురు పీల్చేయడంతో గొర్రె రక్తంలో ప్రోటీన్ పడిపోయి, నీరు నాళాల్లో నిలవక బయటికి ఊరుతోంది. పగలంతా తల వంచి మేస్తుంది కాబట్టి ఆ నీరు దవడ కిందికి దిగుతుంది. రాత్రి తల ఎత్తి నెమరేస్తూ పడుకుంటే వెనక్కి పోతుంది. అంతే తేడా.

మూడు నాలుగు గొర్రెలు అలా కనిపించేసరికి కాపరి దగ్గరున్న టౌన్‌కు, దేవరకొండకో నాగర్‌కర్నూల్‌కో మక్తల్‌కో, బండేసుకుని పోయి మెడికల్ షాపులో "నట్టల మందు" అడుగుతాడు. షాపతను అడిగే ప్రశ్న సాధారణంగా ఒకటే, ఎన్ని జీవాలని. ఏ నట్టలకు అని అతను అడగడు, కాపరి చెప్పడు. దక్షిణ తెలంగాణలో గొర్రెల నట్టల సమస్యకు సగం మూలం ఈ బేరంలోనే ఉంది. నట్టలు అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు జాతుల పురుగులున్నాయి. అవి ఉండే చోటు వేరు, వచ్చే కాలం వేరు, చచ్చే మందు వేరు. ఒక జాతికి పనిచేసే మందు ఇంకో జాతి మీద నీళ్లతో సమానం. ఆ నీళ్లకు కూడా డబ్బు కట్టాలి, మంద మొత్తాన్ని పట్టుకుని తాపాలి.

ముందు దవడ సంచికి ప్రధాన కారణమైన నట్ట సంగతి. దాని పేరు హీమాంకస్. రెండు మూడు సెంటీమీటర్ల పొడవు, సన్నటి దారమంత లావు. ఆడ నట్టను దగ్గరగా చూస్తే ఎర్ర దారం, తెల్ల దారం కలిపి పేనినట్టు ఉంటుంది. ఎరుపు అది తాగిన గొర్రె నెత్తురు, తెలుపు దాని గుడ్ల సంచి. పేగుల పురుగు అని అందరం అంటాం గానీ ఇది ఉండేది పేగులో కాదు, నెమరేసే జంతువులకుండే నాలుగో పొట్టలో. ఒక్కో నట్ట రోజుకు 0.05 మిల్లీలీటర్ల దాకా రక్తం పోగొడుతుందని లెక్క. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ వానాకాలంలో ఒక గొర్రెలో వెయ్యి నట్టలుండటం వింత కాదు. అంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. పాతిక కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమంతా కలిపితే లీటరున్నర, మహా అయితే పావులీటరు అదనం. నెల రోజుల్లో ఆ మొత్తమంతా కారిపోయినట్టే. ఒళ్లు కొత్త రక్తం చేసుకుంటూ ఉంటుంది కాబట్టి గొర్రె నిలబడుతుంది. మేత చాలని రోజున, లేదా పిల్లకు పాలిచ్చే రోజుల్లో, ఆ పందెంలో ఓడిపోతుంది.

గుడ్ల లెక్క ఇంకా దారుణం. ఒక ఆడ నట్ట రోజుకు ఐదు వేల నుంచి పది వేల గుడ్లు పెడుతుంది. వెయ్యిలో సగం ఆడవే అనుకున్నా ఒక్క గొర్రె పెంటికల్లో రోజుకు పాతిక లక్షల గుడ్లు బీటిలో రాలతాయి. తేమ, వెచ్చదనం ఉంటే వారం లోపే అవి గొర్రెకు అంటుకునే దశకు చేరి, తడి గడ్డి పరకల మీదికి పాకుతాయి. గొర్రె మేస్తే మూడు వారాల్లో మళ్లీ గుడ్లు పెట్టే నట్టలు సిద్ధం. మృగశిరలో ఒక్క నట్టతో మొదలైన వ్యవహారం పుబ్బ, ఉత్తర కార్తెల నాటికి ఎక్కడికి పోతుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. హీమాంకస్ పట్టిన గొర్రె పారదు. పెంటికలు గట్టిగానే, కాస్త నల్లగా పడతాయి. నట్టలు పడితే పారాలి అనే నమ్మకం మన దగ్గర బలంగా ఉంది కనుక, పారని గొర్రెకు నట్టలున్నాయని ఎవరికీ తట్టదు. మంద వెనకాల ఈడ్చుకుంటూ నడిచి, ఒకరోజు చెట్టు కింద కూర్చుని లేవకపోతే "ఎండదెబ్బ" అనో "ఏదో కరిచింది" అనో అంటారు. దీనికి సరిగ్గా తిరగేసిన కథ బద్దె పురుగుది. గొర్రెపిల్లల పెంటికల్లో తెల్లగా, వండిన బియ్యపు మెతుకుల్లా దాని ముక్కలు పడతాయి. అప్పుడప్పుడు గజం పొడవు రిబ్బను వెనకాల వేలాడుతుంది. చూసినవాళ్లు హడలిపోతారు, ఆ రోజే మందుకు పరుగెత్తుతారు. పిల్లల ఎదుగుదలకు అది కొంత అడ్డమే, పేగు నిండిపోయేంత ఎక్కువైతే ప్రమాదం కూడా. అయినా కంటికి కనిపించే ఆ పురుగు చేసే నష్టం, కనిపించకుండా నాలుగో పొట్టలో కూర్చున్న దారప్పోగుతో పోలిస్తే చాలా చిన్నది. కనపడ్డదాన్ని చూసి కొన్న మందు కనపడనిదాని మీద పనిచేస్తుందా లేదా అన్నది అదృష్టం మీద వదిలేసినట్టే.

నమ్మకం లేకపోతే చూసుకోవడానికి ఒక దారుంది. మందలో గొర్రె చచ్చిపోతే, రెండు మూడు గంటల్లోపు ఆ నాలుగో పొట్ట కోసి చూడటం. తెరవగానే ఎర్రటి దారాలు గోడలకు అంటుకుని కదులుతూ కనిపిస్తాయి. ఆలస్యమైతే అవి చచ్చి రంగు పోయి మేతలో కలిసిపోతాయి. ఒక్క జాగ్రత్త. గొర్రె హఠాత్తుగా కూలిపోయి ముక్కు నుంచో ఆసనం నుంచో నల్లటి, గడ్డకట్టని నెత్తురు కారుతుంటే కత్తి పెట్టకూడదు. అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు. మనుషులకు అంటుకుంటుంది. అలాంటిదాన్ని డాక్టరుకు చెప్పి, ఆయన చెప్పినట్టు లోతుగా పూడ్చిపెట్టాలి.

పాత పాలమూరు, పాత నల్లగొండ పక్కపక్కనే ఉన్నా నట్టల విషయంలో రెండు వేరు దేశాలు. గద్వాల, నారాయణపేట, వనపర్తి వైపు ఎర్ర చెల్కలు, రాళ్ల గుట్టలు, తక్కువ వాన. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఎండకు నేల మీది నట్టల పిల్లలు చాలావరకు మాడిపోతాయి. ఆ కాలమంతా అవి గొర్రె కడుపులోనే ఎదగకుండా నిద్రపోతూ కాలం గడిపే ఏర్పాటు కూడా ప్రకృతి చేసింది. తొలకరికి లేస్తాయి. అందుకే పాలమూరు మందలకు ప్రధాన శత్రువు హీమాంకస్, దాని కాలం వానాకాలం. నల్లగొండలో సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు కథ వేరు. వరి మడి, కాలువ గట్టు, ఏడాదిలో చాలా నెలలు నీళ్లు. అక్కడ ఉండేది నత్త, నత్త వెంట వచ్చేది జలగ. చెరువులో కాలికి పట్టే జలగ కాదు, గొర్రె లోపల బతికే పురుగు. నట్టకూ నత్తకూ మధ్య అక్షరం తేడానే గానీ, వైద్యం దగ్గర ఆ అక్షరమే కీలకం.

కార్జపు జలగ గుడ్డు నీళ్లలో పడి, పొదిగి, నత్తలో దూరి, అక్కడ పెరిగి, బయటికొచ్చి గడ్డికీ వరి దుబ్బులకూ అంటుకుని గట్టి తిత్తి కట్టుకుంటుంది. గొర్రె ఆ గడ్డి మేస్తే అది పేగు దాటుకుని కార్జంలోకి చేరుతుంది. మన దగ్గర ఎక్కువగా ఉండే పెద్ద రకం జలగ ఎదిగి గుడ్లు పెట్టడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆదివారం మటన్ కొట్టే దగ్గర నిలబడితే అప్పుడప్పుడు కార్జం కోసినప్పుడు ఆకుల్లా బయటపడేవి ఇవే. పొట్ట జలగ ఇంకో రకం. దాని పిల్లలు పేగు మొదట్లో గోడ కొరుక్కుతింటాయి. గొర్రె నీళ్లలా, భరించలేని వాసనతో పారి, కొన్ని రోజుల్లోనే చచ్చిపోతుంది. ఆ దశలో పేడ పరీక్ష చేసినా గుడ్లు కనపడవు, ఎందుకంటే కడుపులో ఉన్నవి ఇంకా పిల్లలే. రిపోర్టులో ఏమీ లేదని వస్తే ల్యాబును తిట్టి లాభం లేదు.

ఈ జలగలకు వానాకాలం కన్నా ఆ తర్వాతి కాలమే పంటకాలం. చలికాలం నుంచి గుట్టల మీద గడ్డి ఎండిపోతుంది, చెరువు నీళ్లు వెనక్కి తగ్గుతూ ఉంటాయి, శిఖం భూమిలో ఆ తడి అంచున మాత్రమే పచ్చగడ్డి మిగులుతుంది. మంద సహజంగా అక్కడికే పోతుంది, తిత్తులన్నీ అక్కడే ఉంటాయి. దవడ కింద సంచి జనవరి, ఫిబ్రవరిలో కనిపిస్తే ముందు కార్జపు జలగనే అనుమానించాలి. సంచి అదే, నెల వేరు, మందు వేరు.

పైగా ఈ సరిహద్దులు చెరిగిపోతున్నాయి. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలు, నల్లగొండ మెట్టకు కృష్ణా నీళ్లు తెచ్చిన మాధవరెడ్డి ప్రాజెక్టు, 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీతలు, అన్నీ కలిసి ఒకప్పుడు ఎండిన కుంటలున్న ఊళ్లలో నీళ్లు నిలబెట్టాయి. ఊరికి అది వరమే. కానీ నీళ్లు నిలిచిన చోటుకు నత్తలు రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పదిహేనేళ్ల కింద జలగ ఎరగని ఊళ్లలో గొర్రెలు కాసిన అనుభవం ఇప్పుడు ఆ ఊళ్లకు చాలదు. దానికి తోడు వలస ఉండనే ఉంది. మేత అయిపోయాక పాలమూరు మంద కృష్ణ ఒడ్డుకో సాగర్ ఆయకట్టుకో పోతుంది, రైతుల పొలాల్లో ఎరువు కోసం మంద పెడుతుంది, తొలకరికి తిరిగొస్తుంది. మెట్ట నట్ట అక్కడికి, ఆయకట్టు జలగ ఇక్కడికి ఆ కాళ్ల మీదే ప్రయాణం చేస్తాయి.

ఇప్పుడు మందుల దగ్గరికి వస్తే, షాపులో ఉండే పదుల సీసాల వెనక నాలుగైదు రకాల మందులే ఉంటాయి. అల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ ఒక కుటుంబం. ఇవి గుండ్రటి నట్టల మీద (హీమాంకస్ కూడా ఆ జాతిదే), బద్దె పురుగుల మీద పనిచేస్తాయి. అల్బెండజోల్ మోతాదు పెంచితే ఎదిగిన కార్జపు జలగను కూడా చంపుతుంది గానీ జలగ పిల్లలను చంపదు. లెవమిసోల్ గుండ్రటి నట్టలకు మాత్రమే. ఐవర్‌మెక్టిన్ కూడా గుండ్రటి నట్టలకే, పైన గజ్జి పురుగులకు పనికొస్తుంది, జలగ మీదా బద్దె మీదా దానికి ఏ బలమూ లేదు. క్లోసాంటెల్, రాఫోక్సనైడ్ రెండూ నెత్తురు పీల్చేవాటి మందులు. హీమాంకస్‌నూ, కొంత ఎదిగిన కార్జపు జలగనూ చంపుతాయి, మిగతా పేగు నట్టల జోలికి పోవు. పొట్ట జలగకు మన దగ్గర ఎక్కువగా వాడేది ఆక్సిక్లోజనైడ్. ఇంతే సంగతి. ఆయకట్టులో తిరిగొచ్చి పారుతున్న మందకు ఐవర్‌మెక్టిన్ సూది వేస్తే గొర్రెకు సూది నొప్పి తప్ప మరేం దక్కదు. అయినా ఆ పని రోజూ జరుగుతూనే ఉంది, ఎందుకంటే సూది అంటే పవర్ ఎక్కువ అనే నమ్మకం మనుషుల వైద్యంలో ఎంత ఉందో జీవాల వైద్యంలోనూ అంతే ఉంది.

ఇంకో భ్రమ, మందు మార్చడం. పోయినసారి ఎర్ర లేబులు, ఈసారి ఆకుపచ్చ లేబులు కొన్నాం, మార్చాం అనుకుంటారు. వెనక చిన్న అక్షరాల్లో చదివితే రెండింట్లోనూ అల్బెండజోలే. బ్రాండు మారింది, మందు మారలేదు. అల్బెండజోల్ వదిలి ఫెన్‌బెండజోల్ కొన్నా పెద్ద తేడా లేదు, రెండూ ఒకే కుటుంబం. ఒకదాన్ని తట్టుకున్న నట్ట రెండోదాన్నీ తట్టుకుంటుంది. ఒక నోటు పుస్తకంలో తేదీ, సీసా వెనక పేరు రాసి పెట్టుకునే మందలు చాలా తక్కువ. ఆ ఒక్క పని చేసిన మందకు డాక్టరు సగం సలహా అక్కడికక్కడే ఇవ్వగలడు.

నట్టలు మందును తట్టుకోవడం కొత్త సంగతి కాదు. బెండజోల్ కుటుంబంలో మొదటిదైన థయాబెండజోల్ 1961లో మార్కెట్‌కు వచ్చింది. 1964కల్లా అమెరికాలో దానికి లొంగని హీమాంకస్ బయటపడింది. మన దేశంలోనూ 1970ల నుంచే ఇలాంటి నివేదికలున్నాయి. 1981లో వచ్చిన ఐవర్‌మెక్టిన్‌కు మూలమైన పనికి విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ వచ్చింది. అయితే ఆ బహుమతికి పాతికేళ్ల ముందే దక్షిణాఫ్రికా గొర్రెల్లో ఆ మందు ఫెయిలవడం మొదలైంది. 2009లో న్యూజిలాండ్‌లో పూర్తిగా కొత్త జాతి మందు మోనెపాంటెల్ వస్తే, నాలుగేళ్లకే అక్కడే దానికీ ఎదురు నిలిచే నట్టలు దొరికాయి. కొత్త మందు వస్తుందిలే అని కూర్చోవడం తెలివైన పని కాదని ఈ వరస చెబుతోంది.

ఇది ఎలా జరుగుతుందో రైతుకు చెప్పడం సులువు. విత్తనం కట్టే పద్ధతే. కంకుల్లో మంచివి ఏరి విత్తనానికి పెట్టుకుంటే వచ్చే పంటలో ఆ గుణం పెరుగుతుంది. మంద మొత్తానికి ఒకే రోజు మందు పోస్తే, మందుకు చచ్చేవన్నీ చస్తాయి, చావని నాలుగు మిగులుతాయి. ఆ తర్వాత మూడు వారాలు బీట్లో రాలే గుడ్లన్నీ ఆ నాలుగింటివే. అంటే మందును గెలిచిన నట్టలకు మనమే విత్తనం కట్టాం. మందు పోయగానే మందను కొత్త బీడుకు, కోత కోసిన శుభ్రమైన పొలానికి తోలితే ఆ విత్తనం ఇంకా స్వచ్ఛంగా పడుతుంది, కలవడానికి అక్కడ వేరే నట్టలే లేవు. ఒకప్పుడు పుస్తకాల్లో మెచ్చుకున్న పద్ధతి ఇదే. మోతాదు తక్కువ పోసినా ఇదే ఫలం. అరకొర మందు బలహీనమైన నట్టలను చంపి బలమైనవాటిని వదులుతుంది.

ఈ కోణంలో చూస్తే పశుసంవర్ధక శాఖ ఊరూరా చేసే ఉచిత నట్టల నివారణ కార్యక్రమానికి రెండు ముఖాలున్నాయి. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో కోటీ 90 లక్షలకు పైగా గొర్రెలున్నాయి, దేశంలో ఇదే మొదటి స్థానం. మందు కొనలేని కాపరి గొర్రెకు కూడా వానాకాలంలో ఒక మోతాదు అందడం చిన్న విషయం కాదు. కానీ ఊరంతటికీ ఒకే రోజు, అన్ని గొర్రెలకూ ఒకే మందు, చూపుమీద అంచనా వేసిన మోతాదు అంటే విత్తనం కట్టడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు. ఆపేయమని కాదు. పేడ పరీక్ష చూసి ఏ మండలానికి ఏ మందో నిర్ణయించి, బలంగా ఉన్న గొర్రెలను కొన్నింటినైనా వదిలేసే వెసులుబాటు ఉంటే అదే ఖర్చుకు రెట్టింపు ఫలితం ఉండేది.

వదిలేయడం అంటే కాపరులకు టెన్షన్ మొదలవుతుంది. మందలో నట్టలు అన్ని గొర్రెల్లో సమానంగా ఉండవు. వందలో ఇరవై ముప్పై గొర్రెలే ఎక్కువ నట్టలను మోస్తూ బీటిని ఖరాబు చేస్తుంటాయి. మిగతావి కొద్దిపాటి నట్టలతో హాయిగా బతికేస్తాయి. ఆ మిగతావాటికి మందు పోయకపోతే వాటి కడుపులోని, మందుకు లొంగే నట్టలు గుడ్లు పెడుతూ ఉంటాయి, మొండివాటితో కలుస్తుంటాయి, మందు బలం ఇంకొన్నేళ్లు నిలుస్తుంది. మరి ఎవరికి పోయాలి, ఎవరికి వద్దు అనేదానికి కన్ను చూడాలి. దక్షిణాఫ్రికాలో ఫఫ్ఫా మలాన్ అనే పశువైద్యుడు ఆలోచించిన ఈ పద్ధతిని, ఆయన పేరులోని అక్షరాలకు చార్ట్ అనే మాట మొదటి అక్షరాలు కలిపి ఫమాచా అంటారు. గొర్రె పై రెప్పను బొటనవేలితో కిందికి నొక్కి, ఇంకో బొటనవేలితో కింది రెప్పను లాగితే లోపలి పొర బయటికి వస్తుంది. ఎండలో, నీడ పడకుండా, ఒక్క క్షణం చూడాలి. ఎక్కువసేపు పట్టుకుంటే వేళ్ల ఒత్తిడికి రంగు మారుతుంది. దానిమ్మ గింజలా ఎర్రగా ఉంటే ఒకటో నంబరు, కాగితంలా తెల్లబడితే ఐదు. ఒకటి, రెండు నంబర్లకు మందు అక్కర్లేదు. నాలుగు, ఐదుకు తప్పకుండా పోయాలి. మూడు అయితే గొర్రెపిల్లకూ, సూడి గొర్రెకూ, పాలిచ్చేదానికీ పోయాలి, బలంగా ఉన్న పొట్టేలును ఆపి రెండు వారాలకు మళ్లీ చూడొచ్చు.

వంద గొర్రెల కళ్లు చూడటం మాటలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మంద వెంట ఉండేది ఇద్దరు, ఒక్కోసారి ఒక్కడే. కానీ మందు పోయడానికైనా ప్రతి గొర్రెనూ పట్టుకోవాలి కదా. దొడ్డి గేటు దగ్గర ఒక్కొక్కటిగా వదులుతూ చూస్తే, చెయ్యి తిరిగినవాడికి గొర్రెకు అర నిమిషం చాలు. తెల్లబడ్డదాని వీపు మీద రంగు గుర్తు పెడితే మందు దానికే. రెండు మూడుసార్లు వరసగా గుర్తు పడ్డ గొర్రె ఏదో అప్పుడు తెలుస్తుంది. దాన్ని, దాని పిల్లలను సంతకు పంపడం కూడా నట్టల నివారణే. కాకపోతే ఈ కంటి పరీక్షకు ఒక హద్దుంది. ఇది నెత్తురు తాగే నట్టలకే. పారుడు పుట్టించే పేగు నట్టలు, పొట్ట జలగ దీనికి దొరకవు. కార్జపు జలగ, పిడుదులు, రక్తంలో ఉండే పరాన్నజీవులు కూడా కన్ను తెల్లబరుస్తాయి. కళ్లకలక వచ్చిన గొర్రెలో రక్తం లేకపోయినా ఎరుపే కనిపిస్తుంది.

ఎవరికి పోయాలో తేలాక ఎంత పోయాలి అన్నది మిగులుతుంది. ఒక లెక్క దగ్గరగా చూద్దాం. రెండున్నర శాతం అల్బెండజోల్ అంటే ఒక్కో మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాములు. డాక్టరు కిలో బరువుకు ఏడున్నర మిల్లీగ్రాములు రాశాడనుకుంటే, 32 కిలోల నెల్లూరు గొర్రెకు 240 మిల్లీగ్రాములు, అంటే దాదాపు పది మిల్లీలీటర్లు. యాభై కిలోల పొట్టేలుకు పదిహేను. చాలా మందల్లో జరిగేది ఏమిటంటే, చేతికి వచ్చిన గొర్రె పాతిక కిలోలుంటుందిలే అని అన్నింటికీ ఏడెనిమిది మిల్లీలీటర్లు. పొట్టేలుకు సగం మోతాదే అందింది, అది ఆ సగాన్ని తట్టుకున్న నట్టలను మంద నిండా చల్లుతుంది. తూకం లేకపోతే మందలో అన్నింటికన్నా బరువైనదాన్ని ఒక్కదాన్ని తూచి, ఆ సైజువాటికి ఆ మోతాదు పెట్టుకుని, పిల్లలను వేరుగా లెక్కించాలి. మందు పోసే గన్ను నిజంగా అన్ని మిల్లీలీటర్లు పోస్తుందో లేదో సిరంజిలోకి ఒకసారి కొట్టి చూసుకోవాలి. సీసా బాగా కుదపాలి, లేకపోతే మందంతా అడుగున ఉండిపోయి మొదటి సగం గొర్రెలు రంగు నీళ్లు తాగుతాయి. తల పైకెత్తి గొంతులో కుమ్మరిస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి, సాయంత్రానికి గొర్రె రొప్పుతూ పడిపోతుంది. తల నేలకు సమానంగా ఉంచి, బుగ్గ పక్కనుంచి నాలుక వెనక్కి నెమ్మదిగా పోయాలి. బెండజోల్ మందులకైతే ముందురోజు రాత్రి మేత ఆపితే కడుపులో ఎక్కువసేపు నిలిచి బాగా పనిచేస్తాయి. నిండు సూడి గొర్రెలను మాత్రం పస్తు పెట్టకూడదు.

మందుకో షరతు ఉంటుంది. పొట్టేలు దాటిన తర్వాత మొదటి నెలా నెలన్నర అల్బెండజోల్ వద్దు, పిల్ల అవకరంగా పుట్టవచ్చు. మన దగ్గర తొలకరి పచ్చిక మీద దాటి కార్తీకం, మార్గశిరాల్లో ఈనే మందలు ఎక్కువ. అంటే మందు అవసరమయ్యే కాలం, వద్దనే కాలం ఒకదాని మీద ఒకటి పడతాయి. అక్కడ డాక్టరును అడిగి వేరే మందు తీసుకోవడమే దారి. క్లోసాంటెల్ మోతాదు మించితే గొర్రెకు చూపు పోతుంది, ఆ గుడ్డితనం మళ్లీ బాగవదు. లెవమిసోల్‌కు, విషానికి మధ్య దూరం తక్కువ. మందలో కలిసి తిరిగే మేకల సంగతి వేరు. చాలా మందులు మేక ఒంట్లో త్వరగా కరిగిపోతాయి కనుక గొర్రె మోతాదు వాటికి చాలదు. ఎంత పెంచాలన్నది మందును బట్టి మారుతుంది, తనంతట తాను పెంచుకునే వ్యవహారం కాదు. మందు పోసిన జీవాన్ని సీసా మీద రాసిన గడువు దాటేదాకా కోతకు అమ్మకూడదు. కొన్ని మందులకు ఆ గడువు వారాల్లో ఉంటుంది.

పెద్దవాళ్లు చెప్పే ఇంటి మందుల్లో మోదుగ గింజలకు నట్టల మీద కొంత బలం ఉన్న మాట నిజం. వేపాకు కొద్దిగా అయితే సాధారణంగా హాని చేయదు. మైలుతుత్తం (రాగి లవణం, కాపర్ సల్ఫేట్) మాత్రం గొర్రెకు దగ్గరికి రానివ్వకూడదు. ఒకప్పుడు దాన్ని నట్టలకు వాడేవాళ్లు, కానీ రాగిని తట్టుకోవడంలో గొర్రెంత బలహీనమైన జీవం పశువుల్లో ఇంకోటి లేదు. వీటన్నిటికన్నా నమ్మదగ్గ ఇంటి మందు వేరుశనగ చెక్క. ప్రోటీన్ దొరికిన గొర్రె కొత్త రక్తం చేసుకుంటుంది, కొంతవరకు నట్టలను తానే అణచుకుంటుంది. ఈనే ముందూ వెనకా గొర్రెకు ఆ శక్తి సడలి, దాని పెంటికల్లో గుడ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. పిల్ల నోటికి మొదట అందే గడ్డి మీద పడేది ఆ గుడ్లే. పిడికెడు చెక్క ఖర్చు పెట్టాల్సింది ఆ నెలన్నరలోనే. పొద్దున్నే మంచు మీద మేపకుండా గడ్డి ఆరాక వదిలే పాత అలవాటు కూడా ఊరికే పుట్టలేదు, నట్టల పిల్లలు తడి ఉన్నంతసేపే పరకల మీద తిరుగుతాయి.

కొత్తగా కొన్న గొర్రెల గురించి కాపరులు తక్కువ ఆలోచిస్తారు. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యూనిట్లు ఇచ్చారు. వాటిలో చాలా భాగం పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చాయి. గొర్రెతో పాటు దాని కడుపులోని నట్టలు, అవి అక్కడ ఏ మందులు తట్టుకుని వచ్చాయో ఆ చరిత్ర కూడా దిగింది. సంతలో కొన్నా అంతే. దిగిన గొర్రెను ఆ రోజే మందలో కలిపితే ఊరి బీటిలో కొత్త విత్తనం పడ్డట్టే. రెండు వేరు కుటుంబాల మందులు డాక్టరు చెప్పిన ప్రకారం పోసి, రెండు వారాలు విడిగా ఉంచి, పేడ పరీక్షలో గుడ్లు లేవని తేలాక కలపాలి.

పరీక్ష అంటే భయపడాల్సిందేమీ లేదు. మందు పోసే రోజు పది గొర్రెల నుంచి, ఒక్కోదాని ఆసనం దగ్గర వేలితో తీసిన తాజా పెంటికలు విడివిడి కవర్లలో పెట్టి, పేరు రాసి, ఎండ తగలకుండా పశువుల దవాఖానకు చేర్చాలి. దూరమైతే 1962కు ఫోన్ చేసి సంచార వాహనాన్ని అడగొచ్చు. నేల మీద ఏరిన పెంటికల్లో మట్టిలో ఉండే వేరే పురుగులు కలిసి లెక్క చెడుతుంది. మళ్లీ పది పద్నాలుగు రోజులకు అవే పది గొర్రెల పెంటికలు ఇవ్వాలి. మొదట గ్రాముకు రెండు వేల గుడ్లుండి తర్వాత వంద లోపుకు వస్తే మందు పనిచేసినట్టు. అంటే నూటికి తొంభై అయిదు పైగా తగ్గాలి. ఎనిమిది వందలు మిగిలితే ఆ మందుకు ఆ మందలో కాలం చెల్లింది, లేదా మోతాదు సగమే అందింది. రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి తూకం వేసి సరైన మోతాదుతో ఇంకోసారి పోసి చూస్తారు. ఈలోపు ఇంకో బ్రాండు అల్బెండజోల్ సీసా కొనడానికి టౌన్‌కు పోయిన బండి పెట్రోలు కూడా నష్టం కిందే రాసుకోవాలి.